విరిగిన డ్రిల్ బిట్లతో చిన్న బోరింగ్ టూల్స్: అంచు వెంటనే మొద్దుబారిపోతోంది, ఎక్కడ తప్పు?

ఇనపరజను:
అందరికీ నమస్కారం. నా దగ్గర చిన్న బెంచ్ లేత్ ఉంది, 100 ఎంఎం చక్. ఇన్నేళ్లలో విరిగిన డ్రిల్ బిట్లు ఒక్కటి కూడా పారేయకుండా డబ్బాలో వేసి ఉంచా, 3 ఎంఎం నుంచి 10 ఎంఎం దాకా అన్నీ ఉన్నాయి. ఇప్పుడు మైల్డ్ స్టీల్ బుష్ ఒకటి చేయాలి, 7 ఎంఎం రంధ్రం వేసి దాన్ని 8.5కి బోర్ చేయాలి (లోపల కోసి పెద్దది చేయాలి), లోతు 18 ఎంఎం. నా దగ్గరున్న అతి చిన్న బోరింగ్ బార్ కూడా ఆ రంధ్రంలో దూరట్లేదు. అందుకని విరిగిన 6 ఎంఎం బిట్ తీసుకుని షాంక్ (చక్‌లో పట్టించే నున్నటి కాడ) చివర గ్రైండ్ చేసి చిన్న ముక్కులా తయారు చేశా, చూడ్డానికి బాగానే వచ్చింది, మొదటి రెండు పాస్‌లు చక్కగా కోసింది, మూడో పాస్‌కి కోయడం ఆపేసి రుద్దుతోంది. తీసి లెన్స్ పెట్టి చూస్తే అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. మళ్లీ సాన పట్టా, మళ్లీ అదే. గ్రైండ్ చేసేటప్పుడు ప్రతి రెండు సెకన్లకీ నీళ్లలో ముంచా, రంగు కూడా తిరగలేదు, కాబట్టి కాల్చేశానని అనుకోను. దీని తర్వాత ఇంకో బుష్ ఉంది, 10 ఎంఎం బోర్ లోపల సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) కోసం గాడి తియ్యాలి, దానికీ ఇలాగే టూల్ చేద్దామనుకున్నా. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

సానరాయి:
ముందు ఒక్క ప్రశ్న. షాంక్ మీద ఆకురాయి పెట్టి చూశారా? సన్న పళ్ల పాత ఆకురాయి తీసుకుని షాంక్ చివర నుంచి ఫ్లూట్ల (మెలితిరిగిన గాళ్ల) వైపు వస్తూ ప్రతి ఐదారు ఎంఎంకి ఒకసారి మెల్లగా రాసి చూడండి. పట్టి గీసుకుంటే అక్కడ మెత్తగా ఉన్నట్టు, గాజు మీద జారినట్టు జారిపోతే గట్టిగా ఉన్నట్టు. చూసి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

ఇనపరజను:
సార్ ఇప్పుడే చూశా. షాంక్ చివర ఆకురాయి శుభ్రంగా పట్టింది, రజను కూడా రాలింది! ఫ్లూట్లు మొదలయ్యే చోటికి 12 ఎంఎం దూరం ఉందనగా జారడం మొదలైంది, అక్కడి నుంచి ఫ్లూట్ల దాకా ఎక్కడా పట్టలేదు. అంటే నేను సాన పట్టింది మెత్తటి వైపా? మొత్తం బిట్ హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) కదా, మరి ఇలా ఎందుకు ఉంటుంది?

సానరాయి:
అవును, మీరు మెత్తటి వైపే పట్టారు, చాలామంది చేసే పొరపాటే ఇది. హెచ్ఎస్ఎస్ అనేది లోహం పేరు, గట్టిదనం అనేది దానికి చేసిన వేడి పని వల్ల వచ్చేది, రెండూ వేరు. కోసే భాగాన్ని రాక్‌వెల్ సి (గట్టిదనం కొలిచే స్కేలు) మీద 62 నుంచి 65 దాకా గట్టిపరుస్తారు, కానీ షాంక్‌ని అంత గట్టిగా చేస్తే చక్ దవడలు పట్టుకోలేక జారిపోతుంది, పెళుసుగా కూడా ఉంటుంది, అందుకని చాలా బిట్లలో షాంక్‌ని మెత్తగానే వదిలేస్తారు. పెద్ద బిట్లలో అయితే షాంక్ హెచ్ఎస్ఎస్సే కాకపోవచ్చు, మామూలు స్టీల్ ముక్కని వెల్డ్ చేసి పెడతారు. ఆ అతుకు ఎక్కడుందో నిప్పురవ్వలు చెప్తాయి, గ్రైండర్‌కి తాకిస్తే మామూలు కార్బన్ స్టీల్ తెల్లగా పసుపుగా చిట్లుతూ పువ్వులా రవ్వలు వేస్తుంది, హెచ్ఎస్ఎస్ అయితే మసకగా ఎర్రగా నారింజ రంగులో, చిట్లకుండా సన్న గీతల్లా వస్తాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: రవ్వలు లోహం ఏమిటో చెప్తాయి, గట్టిగా ఉందో లేదో చెప్పవు. మీ 6 ఎంఎం షాంక్ హెచ్ఎస్ఎస్ రవ్వలే వేసి ఉంటుంది, అయినా మెత్తగానే ఉంది. గట్టిదనానికి ఆకురాయే సాక్ష్యం. రెండు పరీక్షలూ చేయాలి.

ఇంకోటి, బిట్ మీద బంగారు రంగు పూత ఉందనో నల్లగా ఉందనో చూసి మోసపోకండి, పూత కింద ఏ లోహం ఉందో ఆ రంగు చెప్పదు.

మిల్లీమీటర్:
సానరాయి గారు చెప్పింది పాటిస్తే దారి దానంతటదే తెలుస్తుంది, బిట్‌ని తిరగేసి వాడండి. మెత్తటి షాంక్ హోల్డర్‌లోకి వెళ్లాలి (స్క్రూ బాగా పట్టుకుంటుంది కూడా), గట్టిగా ఉన్న ఫ్లూట్ల వైపు కోయాలి. నేను చేసే పద్ధతి రాస్తా, కొంచెం పొడుగ్గా ఉంటుంది ఓపిగ్గా చదవండి.

ఫ్లూట్లు 8 ఎంఎం మాత్రం ఉంచి మిగతాది తెంపేయాలి. హ్యాండ్ గ్రైండర్ సన్న డిస్క్‌తో చుట్టూ గాడి పెట్టి, వైస్‌లో పట్టించి, మందపాటి గుడ్డ కప్పి సుత్తితో చిన్న దెబ్బ వేస్తే టక్కున తెగుతుంది. కళ్లజోడు లేకుండా ఈ పని అస్సలు వద్దు, ఆ ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

తెగిన చివరని చదును చేశాక ఎదురుగా చూస్తే మధ్యలో సన్న గోడ, దానికి చెరో వైపు ఒక రెక్క కనబడతాయి. ఒక రెక్కని మధ్య గోడ దాకా పూర్తిగా గ్రైండ్ చేసి తీసేయండి, 6 నుంచి 8 ఎంఎం పొడవు వరకే, అంతకంటే వెనక్కి పోవద్దు. మిగిలిన రెక్కే మీ టూల్. దాని ఫ్లూట్ లోపలి ముఖమే పై ముఖం అవుతుంది, రేక్ కోణం (కోసే ముఖం వాలు) ఫ్యాక్టరీలోనే ఇచ్చేశారు, చిప్స్ జారడానికి చోటు కూడా సిద్ధంగా ఉంది. టూల్ పోస్ట్‌లో (లేత్ మీద టూల్ బిగించే చోట) పెట్టినప్పుడు ఆ ముఖం పైకి, మూల మీ వైపుకి ఉండాలి. టైల్ స్టాక్‌లో (చక్‌కి ఎదురుగా ఉండే భాగంలో) డ్రిల్ పెట్టి రంధ్రం వేసేటప్పుడు మీ వైపున్న పెదవి ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే, కాబట్టి లేత్ మామూలుగా తిరిగే వైపే తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. డ్రిల్ బిట్ అంచున మార్జిన్ అని ఒక సన్నటి పట్టీ ఉంటుంది, దానికి క్లియరెన్స్ (గోడకి రాసుకోకుండా వదిలే సందు) అస్సలు ఉండదు, ఎందుకంటే డ్రిల్ రంధ్రంలో నిటారుగా ఉండడానికి ఆ పట్టీ గోడకి ఆనాలి. బోరింగ్‌లో అదే మనకి శత్రువు. మూల వెనక నుంచి ఆ పట్టీని 8, 10 డిగ్రీలు వంచి గ్రైండ్ చేయాలి. ముందు వైపు కూడా 8 డిగ్రీలు చాలు. ఆ తర్వాత మెడ: కోసే మూల, వెనకున్న ఒళ్లు రెండూ ఒకే వ్యాసార్ధంలో ఉన్నాయి, అలాగే వదిలేస్తే లోపలికి వెళ్లగానే ఒళ్లు గోడకి రాసుకుంటుంది, అందుకని మూల వెనక 1.5 ఎంఎం వదిలి అక్కడి నుంచి 20 ఎంఎం దాకా మీ వైపు పక్కని 0.3 ఎంఎం తగ్గించండి. అంతకంటే ఎక్కువ తగ్గించొద్దు, సన్నబడితే వణుకుతుంది. చివరగా డైమండ్ రాయితో ముక్కుకి 0.1, 0.2 ఎంఎం గుండ్రం ఇవ్వండి.

ఒకవేళ ఇత్తడి కోయాల్సి వస్తే ఆ ఫ్లూట్ ముఖం పదును ఎక్కువై జాబ్‌లోకి లాక్కుపోతుంది, అంచు దగ్గర ముఖాన్ని రాయితో సన్నగా చదును చేసి రేక్ సున్నాకి తేవాలి. స్టీల్‌కి, అల్యూమినియంకి ఉన్నది ఉన్నట్టే బాగుంటుంది.

గడియారపు ముల్లు:
నేను గడియారాల పని చేస్తాను, నాకు కావాల్సినవి ఇంకా చిన్నవి, 2 ఎంఎం రంధ్రంలో దూరేవి. అక్కడ హెచ్ఎస్ఎస్ వంగిపోతుంది, చేత్తో తాకితేనే కదులుతుంది. అందుకని నేను సర్క్యూట్ బోర్డులకి రంధ్రాలు వేసే కార్బైడ్ బిట్లు వాడతాను. అవి ఎప్పుడూ విరుగుతూనే ఉంటాయి, షాంక్ మాత్రం 3.175 ఎంఎం చక్కటి గుండ్రటి కడ్డీలా మిగిలిపోతుంది. కార్బైడ్ బిగువు స్టీల్‌కి దాదాపు 3 రెట్లు, అదే వ్యాసం అదే పొడవు ఉన్నా మూడో వంతే వంగుతుంది, సన్న బోరింగ్‌లో ఆ తేడా చేతికి తెలుస్తుంది. కాకపోతే కొన్నిట్లో షాంక్ స్టీల్‌దే ఉండి ముందు భాగం మాత్రమే కార్బైడ్ ఉంటుంది, అరచేతిలో పెట్టుకు చూడండి, కార్బైడ్ అయితే అదే సైజు స్టీల్‌కి రెట్టింపు బరువు అనిపిస్తుంది. ఆకురాయి దాని మీద గీత కూడా పెట్టలేదు.

సానరాయి:
మేడమ్ గారు చెప్పింది నిజమే, నేను కాదనను, కానీ మొదటిసారి చేసేవాళ్లకి కార్బైడ్ చెప్పడానికి నాకు మనసు రాదు. బూడిద రంగు మామూలు గ్రైండింగ్ చక్రం కార్బైడ్‌ని కోయలేదు, చక్రమే అరిగి నున్నబడిపోతుంది. ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ చక్రం గానీ డైమండ్ చక్రం గానీ కావాలి. అంతకన్నా పెద్ద సంగతి దుమ్ము. కార్బైడ్‌లో రేణువుల్ని కలిపి పట్టుకునేది కోబాల్ట్, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే శాశ్వతంగా పాడవుతాయి. దగ్గుతో మొదలవుతుంది, ఆ తర్వాత వెనక్కి రాదు. దయచేసి ఎవరూ పొడిగా గ్రైండ్ చేయకండి.

గడియారపు ముల్లు:
పూర్తిగా ఒప్పుకుంటాను సానరాయి గారూ, ముందే రాయాల్సింది. నేను డైమండ్ చక్రం నెమ్మదిగా తిప్పుతూ, దాని మీద చుక్కలు చుక్కలుగా నీళ్లు పడేలా పెట్టుకుని, మాస్క్ వేసుకునే చేస్తాను. పని అయ్యాక బల్లని తడిగుడ్డతో తుడుస్తాను, చీపురు పెట్టను, గాలి అసలే కొట్టను. ఇనపరజను గారి 7 ఎంఎం రంధ్రానికి కార్బైడ్ అవసరం లేదు, హెచ్ఎస్ఎస్ సరిపోతుంది. 3 ఎంఎం కంటే చిన్న రంధ్రం అయితేనే దీని జోలికి రండి.

బుషింగ్ మాస్టర్:
అందరూ టూల్ గురించే చెప్తున్నరు, హోల్డర్ సంగతి ఎవరూ చెప్తలేరు. నా అనుభవంలో చిన్న టూల్ సగం హోల్డర్‌లనే ఉంటది. 6 ఎంఎం గుండ్రటి ముక్కని టూల్ పోస్ట్‌ల నేరుగా పెట్టి కింద రేకు ముక్కలు పేర్చుకుంట సెంటర్ హైట్ (చక్ నడిమి ఎత్తు) వెతుక్కునుడు అంత కష్టం ఇంకోటి లేదు, బిగించంగనే తిరిగిపోతది. తమ్ముడూ, ఈ పద్ధతి చెయ్యి ఒక్కసారి, మళ్ల జీవితంల షిమ్ముల (ఆ రేకు ముక్కల) జోలికి పోవు.

10 లేదా 12 ఎంఎం చదరపు మైల్డ్ స్టీల్ కడ్డీ ముక్క తీస్కో, 60 ఎంఎం పొడవు చాలు. దాన్ని టూల్ పోస్ట్‌ల బోరింగ్ బార్ పెట్టినట్టు, చక్ వైపు చూసేటట్టు గట్టిగ బిగించు. ఇప్పుడు డ్రిల్‌ని టైల్ స్టాక్‌ల కాదు, చక్‌ల పట్టు. క్రాస్ స్లైడ్ తిప్పి కడ్డీ మధ్యకి తెచ్చి స్లైడ్ లాక్ చెయ్యి. ముందు సెంటర్ డ్రిల్, తర్వాత 5.8, ఆఖరికి 6. క్యారేజ్ తోని మెల్లగ ముందుకు తోస్కుంట పో, 30 ఎంఎం లోతు. డ్రిల్ తిరిగేది స్పిండిల్ మీద, రంధ్రం పడేది స్పిండిల్ ఎత్తుల, గంతే, సెంటర్ హైట్ నువ్వు కొలిచేది లేదు, లేతే కొలిచి ఇచ్చినట్టు. బిట్ షాంక్‌లు రాసిన సైజు కంటే రెండు మూడు పాయింట్లు (0.02, 0.03) తక్కువ ఉంటయి కాబట్టి అదే సైజు రంధ్రంల మంచిగ దూరుతయి.

పైనుంచి రెండు ఎం4 గ్రబ్ స్క్రూలకి (తల లేని స్క్రూలు) ట్యాప్ కొట్టి మరలు కొయ్యి, ఒక్కటైతే ఊగుతది. షాంక్ మీద స్క్రూ తగిలే చోట సన్నటి చదును గ్రైండ్ చేస్తె తిరగదు. కడ్డీ పై ముఖం మీద సెంటర్ పంచ్ తోని గుర్తు పెట్టు, ఎప్పుడు పెట్టినా అదే ముఖం పైకి, కింద అదే ప్యాకింగ్ ఉండాలె, లేకపోతే చేసిందంత పోతది.

దీని లాభం ఇంకోటి ఉన్నది. రంధ్రం సెంటర్ మీద ఉంది గదా, అంటే టూల్ కొసని సరిగ్గ సగానికి గ్రైండ్ చేస్తె కోసే ముఖం కూడా సెంటర్ మీదనే ఉంటది. 6 ఎంఎం షాంక్ అయితె మైక్రోమీటర్‌ల 3.00 వచ్చేదాకా గ్రైండ్ చెయ్యి, అయిపోయింది. మిల్లీమీటర్ అన్న చెప్పిన ఫ్లూట్ టూల్‌కి సగం లెక్క కుదరదు, దానికి బిట్‌ని హోల్డర్‌ల కొంచెం కొంచెం తిప్పుకుంట మూలని టైల్ స్టాక్ సెంటర్ మొనకి కలపాలె.

మిల్లీమీటర్:
బుషింగ్ అన్నా, స్పిండిల్ నుంచి రంధ్రం వేసే ఆలోచన చాలా బాగుంది, నేను ఇన్నాళ్లూ హైట్ గేజ్ పెట్టి మార్క్ చేసి డ్రిల్ మెషీన్ మీద వేస్తున్నా, ప్రతిసారీ 0.1 అటో ఇటో పోయేది. ఇంకో మాట కలుపుతా, ఆ హోల్డర్‌లో బిగించే గ్రైండ్ చేయండి. వేళ్లతో 6 ఎంఎం ముక్క పట్టుకుని కోణం నిలపడం ఎవరివల్లా కాదు, చదరపు కడ్డీ అయితే గ్రైండర్ రెస్ట్ మీద చదునుగా కూర్చుంటుంది, మళ్లీ సాన పట్టినప్పుడు అదే కోణం తిరిగి వస్తుంది. రెస్ట్‌కీ చక్రానికీ మధ్య సందు 3 ఎంఎం దాటకూడదు, చిన్న ముక్కలు ఆ సందులోకే లాక్కుపోతాయి. చేతి గ్లోవ్స్ వద్దు. చక్రం పక్క ముఖం మీద నొక్కొద్దు, మామూలు చక్రాలు ఆ బలానికి చేసినవి కావు.

పాతట్యాపులు:
కొత్తగా చేరాను, ఇక్కడ ఇన్నాళ్లుగా చదువుతున్నా. ఒక సందేహం. కొంతమంది హెచ్ఎస్ఎస్‌ని నీళ్లలో ముంచకూడదు పగుళ్లు వస్తాయి అంటారు, కొంతమంది ముంచకపోతే టెంపర్ (గట్టిదనం) పోతుందంటారు. నీలం రంగు వస్తే టూల్ పోయినట్టేనా?

సానరాయి:
మంచి ప్రశ్న, రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. కార్బన్ స్టీల్‌కి నీలం రంగు అంటే చావే, 300 డిగ్రీల దగ్గర దాని గట్టిదనం పోతుంది. హెచ్ఎస్ఎస్ అలా కాదు. బిట్లలో ఎక్కువగా వాడే ఎం2 రకంలో సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వెనేడియం ఉంటాయి, గట్టిపరిచాక దాన్ని మళ్లీ వేడి చేసి టెంపర్ చేసేదే 550 డిగ్రీల దగ్గర, కాబట్టి 300 డిగ్రీల నీలం రంగు దానికేమీ చేయదు. అసలు ఈ లోహం గొప్పతనమే అది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెడరిక్ టేలర్, మౌన్సెల్ వైట్ తయారు చేసిన టూల్ కొస ఎర్రగా కాలుతూ కూడా స్టీల్‌ని కోస్తుంటే చూసినవాళ్లు నమ్మలేకపోయారు, మెషిన్ షాపుల వేగమే ఆ తర్వాత మారిపోయింది. మనం విరిగిందని పారేసే ముక్కలో ఉన్నది ఆ కుటుంబం లోహమే, నాకైతే అందుకే పారేయబుద్ధి కాదు.

ఇక ముంచడం సంగతి. కొస ఎర్రబడేదాకా నొక్కి, ఆ ఎరుపు మీదనే నీళ్లలో వేస్తే కంటికి కనబడని పగుళ్లు వస్తాయి, కోతలో అంచు రాలిపోతుంది. కాబట్టి ఎర్రబడితే గాలికే చల్లారనిచ్చి, ఆ భాగం అంతా నెమ్మదిగా గ్రైండ్ చేసి తీసేయండి. రంగు రాకముందే ముంచుతూ ఉంటే ఏ ప్రమాదమూ లేదు. చిన్న టూల్‌లో కష్టమేంటంటే లోహం తక్కువ, కొసలో వేడి పోయే దారి లేదు, ఒక్క సెకనులో నీలం నుంచి ఎరుపుకి వెళ్లిపోతుంది, అందుకని చక్రం కొత్తగా డ్రెస్ చేసి (నున్నబడ్డ పైపొర గీకి) ఉండాలి, చెయ్యి తేలిగ్గా ఉండాలి. తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ చక్రం దీనికి హాయిగా ఉంటుంది, వేడి తక్కువ పుట్టిస్తుంది.

ఇనపరజను:
నాలుగు రోజుల తర్వాత వచ్చా, మొత్తం చేశా! హోల్డర్ బుషింగ్ అన్న చెప్పినట్టే చేశా, టైల్ స్టాక్ సెంటర్ మొన ఎదురుగా పెట్టి లెన్స్‌తో చూస్తే రంధ్రం సరిగ్గా మధ్యలో ఉంది, నిజంగా చాలా సంతోషం వేసింది. ఫ్లూట్ టూల్ మిల్లీమీటర్ గారు చెప్పినట్టు చేయడానికి మూడు ముక్కలు పట్టింది, మొదటిదాంట్లో మెడ ఎక్కువ సన్నబడింది, రెండోదాంట్లో రెక్క తప్పు వైపుది తీసేశా, మూడోది కుదిరింది. కోస్తోంది, అంచు అలాగే ఉంది, 8.5 బోర్ వచ్చింది.

కానీ రెండు సమస్యలు. బోర్ ముందు 8.50 ఉంటే లోపల చివర 8.46 ఉంది. రెండోది, సగం లోతు దాటాక కీచుమని అరుస్తోంది, గోడ మీద సన్న అలలు పడుతున్నాయి. స్పీడ్ 1400, టూల్ హోల్డర్ బయట 28 ఎంఎం ఉంది.

మిల్లీమీటర్:
ఆ రెండూ ఒకటే జబ్బు, టూల్ వంగుతోంది. బయటికి ఉన్న పొడవు పెరిగితే వంపు దాని ఘనంతో పెరుగుతుంది, వ్యాసం తగ్గితే నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మీ బోర్ లోతు 18, అలాంటప్పుడు 28 ఎందుకు? 20కి తగ్గించండి, వంపు దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. ఆ మొదటి ముక్కలో మెడ సన్నబడింది అన్నారు కదా, 6 కాస్తా చుట్టూ 5 అయితే చాలు వంపు రెట్టింపు అవుతుంది, అందుకే 0.3 దాటొద్దన్నా.

స్పీడ్ కూడా ఎక్కువే. హెచ్ఎస్ఎస్‌తో మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే 8 ఎంఎం వ్యాసానికి సుమారు 1000 వస్తుంది, అరుస్తోంది కాబట్టి 700 పెట్టి ఫీడ్ కొంచెం పెంచండి. చాలామంది అరుపు రాగానే ఫీడ్ తగ్గిస్తారు, అప్పుడు టూల్ కోయడం మానేసి రుద్దుతుంది, ఇంకా అరుస్తుంది. ఆఖర్లో సెట్టింగ్ మార్చకుండా అదే డయల్ మీద రెండు మూడు సార్లు లోపలికి బయటికి పంపండి, వంగి వదిలేసిన లోహం అప్పుడు వస్తుంది. ముక్కు గుండ్రం ఎక్కువగా ఉన్నా గోడ వైపు తోపు పెరుగుతుంది, లెన్స్‌లో ఒకసారి చూడండి.

ఇనపరజను:
20కి తగ్గించి, 700 మీద, చివర్లో మూడు ఖాళీ పాస్‌లు. ముందు 8.51, లోపల 8.50. అలలు పోయాయి. ముక్కు గుండ్రం దగ్గర దగ్గర 0.5 ఉంది, అది కూడా తగ్గించా. ధన్యవాదాలు అందరికీ. ఇప్పుడు సర్‌క్లిప్ గాడి. ఫ్లూట్ ముక్క దీనికి పనికొస్తుందా?

బుషింగ్ మాస్టర్:
గాడికి ఫ్లూట్ వద్దు తమ్ముడూ, నిండు గుండ్రటి ముక్క కావాలె. విరిగిన సెంటర్ డ్రిల్ ఉన్నదా? మొన రెండు దిక్కులా విరిగిపోయినా బాడీ మిగులుతది గదా, అది చాలా మట్టుకు నిడివంత గట్టిగనే ఉంటది, అయినా ఆకురాయి పెట్టి చూడు. 2.5 మొన సెంటర్ డ్రిల్‌కి బాడీ 6.3 ఎంఎం ఉంటది, నీ 10 బోర్‌ల హాయిగ తిరుగుతది. దానికి 6.3 రంధ్రం తోని ఇంకో హోల్డర్ చేస్కో.

10 ఎంఎం బోర్ లోపలి సర్‌క్లిప్ మందం 1 ఎంఎం, గాడి వెడల్పు 1.1, గాడి వ్యాసం 10.4, అంటే గోడలకి 0.2 ఎంఎం లోతే. కొసని సగానికి, 3.15కి గ్రైండ్ చెయ్యి, అది పై ముఖం. కొస దగ్గర 1 ఎంఎం వెడల్పు పన్ను వదిలి దాని వెనక మెడని 0.6 ఎంఎం లోపలికి తగ్గించు, సన్న కటింగ్ డిస్క్ తోని మంచిగ వస్తది. పన్ను 1.1 చేస్తె ఊగి గాడి వెడల్పు ఎక్కువ అయితది, 1.0 చేసి ఒకసారి దింపి, కాంపౌండ్ (టూల్ పోస్ట్ కింద ఉండే చిన్న స్లైడ్) తోని 0.1 పక్కకి జరిపి మళ్ల దింపు. పన్ను రెండు పక్కలా ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి సన్నబడాలె లేకుంటే గాడిల ఇరుక్కుంటది. పన్ను కింది భాగం కూడా చూడు, బోర్ గుండ్రానికి కింద తగలకుండ రెండు మెట్లుగ క్లియరెన్స్ ఇయ్యి. స్పీడ్ 300 చాలు, నూనె పెట్టు, చేతి తోని మెల్లగ దింపు.

పాతట్యాపులు:
నా పేరుకి తగ్గట్టు ఒకటి చెప్తా. విరిగిన ట్యాపులు కూడా ఇలాగే వాడొచ్చు, లోపలి మరలు కోయడానికి. ఒక ఫ్లూట్ మీద ఒక్క పన్ను ఉంచి మిగతా పళ్లన్నీ గ్రైండ్ చేసి తీసేస్తే సింగిల్ పాయింట్ టూల్ వస్తుంది, మెట్రిక్ ట్యాప్ అయితే 60 డిగ్రీల కోణం దానికే ఉంది, విట్‌వర్త్ ట్యాప్ అయితే 55 కాబట్టి ఏ ట్యాప్‌దో చూసుకోవాలి. పన్ను వెనక క్లియరెన్స్ మాత్రం మనమే పెంచాలి. ఎండ్‌మిల్లు (మిల్లింగ్ మెషిన్ కట్టర్) ఇంకా తేలిక, దాని మూలకి అప్పటికే క్లియరెన్స్ ఉంటుంది, ఒక పన్ను బాగుంటే మిగతా పళ్లు తగలకుండా తీసేసి నేరుగా బోరింగ్ బార్‌గా వాడుతున్నా. గోడలకి రంధ్రాలు వేసే బిట్ల కొస కూడా కార్బైడే కదా, వాటితో ఎవరైనా చేశారా?

సానరాయి:
చేశాను. ఆ కార్బైడ్ దెబ్బలు తట్టుకోవడానికి చేసింది, పదునైన సన్న అంచు దాని మీద ఎక్కువసేపు నిలవదు. పైగా కింద కడ్డీ మెత్తటి స్టీల్, కొస చిన్న పలక అంతే, బ్రేజింగ్ వేడెక్కితే ఊడుతుంది. పోత ఇనుము పైపొర గీకడానికి ఒకసారి పనికొచ్చింది, చిన్న బోరింగ్‌కి వద్దు. ఎండ్‌మిల్ మాట మాత్రం బాగా చెప్పారు.

ఇనపరజను:
గాడి అయిపోయింది. సెంటర్ డ్రిల్ బాడీ మీద ఆకురాయి ఎక్కడా పట్టలేదు. వ్యాసం డయల్ మీద 0.4 దింపా, సర్‌క్లిప్ వేస్తే టక్ మని కూర్చుంది, వేలితో తిప్పితే గాడిలో తిరుగుతోంది, పక్కకి ఆడట్లేదు. ఒక్కటే, గాడి అంచుల్లో బోర్ లోపలికి సన్న బర్ (కోత అంచున మిగిలే పదును రేకు) లేచింది, షాఫ్ట్ దూరేటప్పుడు గీస్తోంది. ఆకురాయి లోపల దూరదు, ఎలా తీయాలి?

గడియారపు ముల్లు:
మీ ఫ్లూట్ టూల్‌నే మళ్లీ పెట్టి, ఆఖరి బోరింగ్ డయల్ నంబర్ మీదే, ఏమీ పెంచకుండా ఒకసారి నెమ్మదిగా లోపలికి పంపండి, బర్ గాడిలోకి మడుచుకుంటుంది. తర్వాత గాడి టూల్‌ని అదే లోతుకి ఇంకోసారి దింపితే అది తెగి బయటికొస్తుంది. బోర్ డయల్ నంబర్ రాసి పెట్టుకున్నారా?

ఇనపరజను:
రాసి పెట్టుకున్నా మేడమ్. ఈ బుష్‌ని చక్ నుంచి ఇంకా తీయలేదు, ఇప్పుడే చేస్తా.

ఇనపరజను:
పోయింది. షాఫ్ట్ నూనె రాసి తోస్తే గాలి నొక్కుకుంటూ దిగింది. డబ్బాలో ఉన్న బిట్లన్నిటికీ ఆకురాయి పెట్టి, గట్టిదనం ఎక్కడ మొదలవుతుందో అక్కడ మార్కర్‌తో గీత గీస్తున్నా, ఇప్పటికి ఇరవై రెండు అయ్యాయి.